సుద్దగీత అవతలి గోడ

ఆ ఉదయం కూడా గోడ ముందుకు జరిగింది.

వరహాలమ్మ తన కుట్టుదుకాణం వెనక తలుపు తీసి, నేల మీద నిన్న గీసిన సుద్దగీత కోసం చూసింది. జాకెట్టు గుడ్డ మీద కత్తెరకి దారి చూపించే సుద్దముక్కతోనే గీసిన గీత అది. సగమే కనిపిస్తోంది. మిగతా సగాన్ని మున్సిపాలిటీ మింగేసింది. గోడ అంచు జున్ను రంగులో, పచ్చిగా, తడితడిగా మెరుస్తోంది. వేలితో నొక్కితే పసిపిల్ల మాడులా మెత్తగా దిగింది.

"తినవే, తిను. రేపు నా మిషను కూడా తినేద్దువుగాని," అని తలుపు దభాలున మూసేసింది.

సాగరపాలెంలో గోడని తిట్టడం కొత్త సంగతి కాదు. పాత మున్సిపల్ ఆఫీసు వానొస్తే లోపలా బయటా ఒకేలా తడిసేది. గుమాస్తాలు ఒక చేత్తో గొడుగు, మరో చేత్తో పని పట్టుకుని కాలక్షేపం చేసేవారు. దాన్ని పడగొట్టి, ఆ చోట మొలకసున్నం నాటారు. నత్తగుల్లల సున్నంలో కంటికి కనపడని జీవాలను కలిపి తయారు చేసిన పదార్థం అది. నీళ్ళు తాగి, ఎండ తిని పెరుగుతుంది. ఎటు పెరగాలో, ఎంత పెరగాలో చెప్పేది గోడ లోపల ఉండే వినికిడిపొర. లోపలికి వచ్చినవాళ్ళు మాట్లాడుకునే ప్రతి మాటా అది వింటుంది. ఎవరు మళ్ళీ వస్తారో, ఎంతమంది వస్తారో లెక్క కట్టుకుంటుంది. దానికి రాకలెక్క అని పేరు పెట్టారు. వచ్చేవాళ్ళు ఎక్కువైతే కొత్త గది మొలుస్తుంది. తగ్గితే ఉన్న గది కరిగి నేలలో కలిసిపోతుంది. టెండర్లు లేవు, సిమెంటులో బూడిద కలిపే కాంట్రాక్టర్లు లేరు. మొదటి ఏడాది జనం ఆ గోడకి పసుపు రాసి బొట్టు పెట్టారు.

తరవాత అనుమానం మొదలైంది. మొలవడమే గాని కరగడం ఎవరూ చూడలేదు. సైకిళ్ళ షెడ్డు పోయింది. చేపల బజారు సగం పోయింది. గ్రంథాలయం మెట్లు ఒకరోజు పొద్దున్నే గోడలోంచి బయటికి నాలుకలా వేలాడుతూ కనిపించాయి. ఆ మధ్య కౌన్సిలు ఒక చట్టం చేసింది: భవనం అవసరం ప్రజల అవసరమే గనక, గోడ ఎవరి ఇంటికి తగిలితే వాళ్ళు ఊరవతల కొత్త లేఅవుటుకి మారిపోవాలి. వరహాలమ్మ దుకాణానికీ గోడకీ మధ్య ఇప్పుడు మూరెడు నేల మిగిలింది. ఆమెకున్నవన్నీ ఆ దుకాణంలోనే ఉన్నాయి. ముందు కుట్టుమిషను, వెనక మంచం, గోడకి కొట్టిన మేకుకి మొగుడు నూకరాజు చొక్కా. ఆ చొక్కా వేసుకోవలసిన మనిషి వరద ఏడు వెళ్ళి, తిరిగి రాలేదు.

వార్డు సభ్యుడు సన్యాసిరావు అప్పుడే దుకాణం ముందు తేలుబండి దిగాడు. చక్రాలు లేని ఆ బండి నేలకి మూరెడు ఎత్తున ఊగుతుంటే, పంచె ఎగ్గట్టి గెంతాడు.

"ఏటప్పా, పొద్దున్నే గోడతో దెబ్బలాట?"

"నీతో ఆడాల్సిన దెబ్బలాట గోడతో ఆడతన్నాను."

"నానేటి సేసేను?"

"ఈ జాగా అమ్మమన్నావు, అమ్మనేదు. ఇప్పుడు గోడ సేత తినిపిత్తన్నావు. దాని సెవిలో ఏటి ఊదేవో సెప్పు."

సన్యాసిరావు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నా మాట నా పెళ్ళామే ఇనదు. గోడ ఇంటాదా?"

"మరి రోజూ ఆ గోడ పక్కకెళ్ళి మూతి దగ్గరెట్టి గొణుగుతావెందుకు? నాను సూళ్ళేదనుకున్నావా?"

"ఉమ్ముతానప్పా! లోపల కిళ్ళీ ఒగ్గీమంటన్నారు. ఇంక యాడ ఉమ్మను?" అని గొంతు తగ్గించాడు. "నన్నడిగితే ఆ ఇంజినీరమ్మని అనుమానించు. బిల్డింగు ఎంత పెరిగితే ఆవిడ అంత పెద్దదవుద్ది."

ఇద్దరిలో ఎవరి పని అయినా నష్టం తనకే. వరహాలమ్మ మెడలో కొలత టేపు వేలాడుతుండగానే మున్సిపాలిటీ వైపు నడిచింది.

ఆ ఇంజినీరమ్మ, భవన సంరక్షకురాలు తనూజ, వయసులో చిన్నది. సముద్రం మీది తేలునగరంలో పుట్టి పెరిగింది. పది భాషల వాళ్ళు కలిసి బతికే చోటది. ఆమె తెలుగు పరీక్షకి చదువుకున్నట్టు శుభ్రంగా ఉంటుంది. వరహాలమ్మ నోటికొచ్చినంతా అన్నాక, ఆమె నెమ్మదిగా అంది:

"అమ్మా, మీరు నన్ను అనుమానించడంలో తప్పు లేదు. నేను ఈ భవనాన్ని అనుమానిస్తున్నాను. మీ వైపు ఏ శాఖా లేదు. అటు పెరగడానికి నాకు కారణం కనిపించడం లేదు. నాతో లోపలికి వస్తారా?"

"వత్తాను. ముందు నువ్వు నడు. ఎనకనించి తలుపేసీవంటే?"

తనూజ ముందు నడిచింది.

పన్నుల విభాగం దాటాక జనం పలచబడ్డారు. ఆ తరవాత అసలు లేరు. గది వెనక గది. ప్రతి గదిలోనూ వెలుతురు, గాలి, గోడలోంచే మొలిచిన ఆసనాలు. దుమ్ము లేదు, అడుగుజాడ కూడా లేదు. పెళ్ళివారు రాని విడిదిల్లులా ఉంది. ఎవరు వస్తారో తెలిస్తే వాళ్ళ నడుముకి తగ్గట్టు ఆసనం పోయడం ఈ భవనం గొప్పతనమని తనూజ చెప్పింది. వరహాలమ్మ చూస్తూ నడిచింది. ఒకటి పొట్టిమనిషిది, ఒకటి బాగా లావుపాటి మనిషిది. ఒక కుర్చీ పక్కనే చంటిపిల్లకి పల్లెం లాంటి గుంట.

"ఇంతమంది ఎప్పుడొత్తారమ్మా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

చివరి గది చాలా చిన్నది. ఆ గోడ అవతలే తన దుకాణమని వరహాలమ్మకి తెలిసింది, తన మిషను నూనె వాసన సన్నగా తగులుతోంది. గదిలో ఒకటే ఆసనం. ఆమె దాని ముందు నిలబడిపోయింది. వీపు ఆనే చోట సున్నం కుడివైపు ఎత్తుగా, ఎడమవైపు జారిపోయి ఉంది. ఆమె మెడలోంచి టేపు తీసింది. కొలవలేదు. టేపుని అలాగే గుప్పిట్లో నలుపుతూ, అరచెయ్యి ఆ పల్లంలో పెట్టింది.

ఎడమ భుజం మీద ఏళ్ళ తరబడి నీళ్ళ గొట్టాలు మోసిన మనిషి. ఆ భుజం కిందికి దిగిపోయిందని చొక్కా వంకరగా వేలాడకుండా, లోపల రెండు మడతల గుడ్డ పెట్టి కుట్టేది ఆమె.

"ఇది ఎవరి కోసం?" అని తనూజ భవనాన్ని అడిగింది.

గోడ లోపలినుంచి మర్యాదగా జవాబు వచ్చింది. "నీటి సరఫరా విభాగం, నూకరాజు గారి కోసం. వెళ్ళి వస్తానన్నారు. ఇంకా రాలేదు. ఆయన వెనక గేటు నుంచి వచ్చేవారు. అందుకని అటువైపు ఎదురు వెళుతున్నాను."

వరద వచ్చిన ఏడు పంపుహౌసు తలుపు తియ్యడానికి నూకరాజు ఈ ఆఫీసు నించే పడవ మీద బయల్దేరాడు. పడవ దొరికింది, అతను దొరకలేదు. మరణ ధ్రువపత్రానికి అర్జీ పెట్టమని అందరూ చెప్పారు. మనిషిని చూడకుండా కాయితం ఎలా తెచ్చుకుంటానని వరహాలమ్మ పెట్టలేదు. పోయాడని మనసుకి తెలుసు. నోటితో ఒక్కసారి కూడా అనలేదు.

తనూజ మళ్ళీ అడిగింది. "మిగతా గదులన్నీ?"

"ఈ గుమ్మం దాటినవారందరూ వెళ్ళొస్తామని చెప్పారు. వస్తామన్నవారికి చోటు ఉంచాను."

వరహాలమ్మ ముందు తెల్లబోయింది. తరవాత నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళనించి నీళ్ళు కారుతుండగానే నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! అది ఎల్లీటప్పుడు అనే మాటే. 'పోతన్నాను' అని ఎవురైనా అంటారా? అశుభం కాదూ? సచ్చేదాకా అందరం ఎల్లొత్తామనే అంటాం." తనూజ వైపు తిరిగింది. "మీ ఊళ్ళో బయల్దేరీటప్పుడు ఏటంటారమ్మా?"

"ఏమీ అనం. చెయ్యి ఊపుతాం." తనూజ ముఖం పాలిపోయింది. "వచ్చు అనే క్రియ, భవిష్యత్తులో ఉంటే... తప్పక వస్తారనే నేర్పాం దానికి."

"మార్చీ మరి."

"నాకు అధికారం లేదమ్మా. అధికారులు, సభ్యులు రాకలెక్కని తమకి అనుకూలంగా దిద్దుకుంటారని అనుమానపడి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని కౌన్సిలు నిబంధన పెట్టింది. ముందు వాళ్ళని ఒప్పించాలి. అప్పటికి మీ దుకాణం ఉండదు. ఒక్కటే దారి ఉంది. ఎవరి కోసం గది మొలిచిందో, వాళ్ళ ఇంటి మనిషి ఆ గదిలో నిలబడి, వాళ్ళింక రారని చెప్పాలి."

"అంటే నానే."

"మీరే."

వరహాలమ్మ కళ్ళు చిన్నవి చేసింది. "ఇదంతా నువ్వే అల్లేవేమో. నా నోటితో ఆ మాట అనిపించి, కాయితం పుట్టించి, రేపు ఇంకేదో సెయ్యడానికి."

తనూజ ఆసనం వైపు చూసింది. "ఆ భుజాన్ని నేను అల్లగలనా అమ్మా?"

వరహాలమ్మ టేపుని మళ్ళీ మెడలో వేసుకుంది. వెళ్ళి ఆ ఆసనంలో కూర్చుంది. అది ఆమె వీపుకి సరిపోలేదు. పల్లం వైపు ఒరిగిపోయింది. అతను పక్కన కూర్చుంటే ఆమె ఎప్పుడూ ఒరిగేది అటే. ఇన్నేళ్ళలో ఊరంతా మరిచిపొమ్మని చెప్పినవాళ్ళే. తమ్ముడు చెప్పాడు, గుళ్ళో పంతులు చెప్పాడు, సన్యాసిరావు అయితే వారానికోసారి చెప్పాడు. తనతోపాటు ఎదురుచూసింది ఈ గోడ ఒక్కతే. దాన్నేమో రోజూ తిట్టింది.

లేచి నిలబడింది. గోడకి చెయ్యి ఆనించింది.

"ఇనే. ఆడు రాడు."

"నూకరాజు గారు రారని చెబుతున్నారా?"

"రాడే. ఏరు తీసుకుపోయింది. ఇంక నువ్వు ఎదురుసూడకు. సాల్లే, పడుకో."

తరవాత ఆసనం అంచులు చెమర్చాయి. ఎత్తుగా ఉన్న కుడివైపు ముందు కుంగింది. ఎడమ పల్లం కాసేపు నిలిచి, అదీ జారిపోయింది. ఎదురుగోడ పలచబడి, పాలమీగడలా ముడతలు పడి, చప్పుడు లేకుండా నేలలోకి ఇంకిపోయింది. వెలుతురు లోపలికి దూకింది. ఆ వెలుతురులో, కరిగిన గోడకి అవతల సన్యాసిరావు నిలబడి ఉన్నాడు. మూతి ముందుకి సాచి ఉంది, బుగ్గ నిండా కిళ్ళీ.

అతను నిలువునా బిగుసుకుపోయి, ఆ కిళ్ళీని మింగేశాడు.

"ఓరి సన్నేసీ," అంది వరహాలమ్మ, "ఈ ఒక్క యిషయంలో నువ్వు దొంగవి కాదురా."

"ఈ ఒక్క యిషయంలోనా?" అన్నాడు అతను దగ్గుతూ.

ఎదురుగా తన దుకాణం వెనక తలుపు. ఆఫీసు లోపలినించి దాన్ని చూడటం ఆమెకి అదే మొదలు. రంగు వెలిసింది, కింద చెక్క పుచ్చింది. దాని ముందు సుద్దగీత పూర్తిగా బయటపడింది.

తనూజ పెదవుల మీద వేలు పెట్టింది. "ఇంకేమీ అనకుండా వెళ్ళండమ్మా. రేపటి నుంచి ప్రతి గుమ్మం దగ్గరా బోర్డు పెట్టిస్తాను. మాట్లాడకుండా చెయ్యి ఊపి వెళ్ళమని."

వరహాలమ్మ తల ఊపింది. గీత దాకా నడిచింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. కరగకుండా మిగిలిన గోడ కొత్తగా, బోసిగా, ఏ ఆకారమూ లేకుండా ఉంది.

"ఎల్లొత్తానే," అంది గోడతో.

"అమ్మా!" అంది తనూజ.

"తెలిసే అన్నాను."

మర్నాడు పొద్దున్న వెనక తలుపు తీసేసరికి, గీత అవతల నేలలోంచి తెల్లటి మొలక లేచి ఉంది. పీటంత ఆసనం. దాని వీపు నిటారుగా లేదు. మిషను మీదికి వంగి వంగి ముందుకి పడిపోయిన మెడకి, గూని పట్టిన నడుముకి తగ్గట్టు వంపు తిరిగి ఉంది. తడి ఇంకా ఆరలేదు. ఒక అంచు సుద్దగీతని తాకుతోంది.

వరహాలమ్మ అటూ ఇటూ చూసింది. సన్యాసిరావు బండి జాడ లేదు. గొంతుకు కూర్చుని, తడి అరచేత్తో గీతని చెరిపేసింది. జాకెట్టు సుద్దముక్క తీసి, తన తలుపుకి దగ్గరగా జరిగి, మళ్ళీ గీసింది.