తూర్పున సముద్రం ఉన్న ఇల్లు

1961 మే నెల. కోడూరు ఒడ్డున వలలు ఆరేసే చోట జ్యోతిష్కుడు పద్మనాభయ్య బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనుక దూరిన తూటా గొంతును చీల్చుకుని బయటికి వచ్చింది. ఇందులో గ్రహాల ప్రమేయమేమీ లేదనీ, తూటా మాత్రం విదేశీ పిస్టల్‌దనీ మద్రాసులో గూఢచారి శాఖ చీఫ్ తేల్చాడు.

"ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త గంగాధరం సెలవులకు భార్యాబిడ్డలతో సింగపూర్ వెళుతున్నాడు. గూడూరు గనుల్లో అణుపరిశోధనకు పనికివచ్చే బెరిల్ ఖనిజం ఎక్కడుందో ఆయనొక్కడికే తెలుసు. సింగపూర్‌లో ఏ పేటలో దిగితే క్షేమమని ఆయన భార్య ఈ పద్మనాభయ్యను అడిగింది. అతడు కటాంగ్ అన్నాడు. మర్నాడే చచ్చాడు. ఆ మాట అతడి చేత ఎవరు చెప్పించారు?"

"నాకు తోడెవరు?" ఏజెంట్ క్రీస్తురాజు అడిగాడు.

"పుష్పకుమారి. నెల్లూరు పిల్లే. రెండేళ్లు సింగపూర్ నుంచి మనకు రిపోర్టులు పంపి, ఈ మధ్యే తిరిగొచ్చింది."

ఇన్సూరెన్స్ ఏజెంటు వేషంలో, నెరసిన మీసం అంటించుకుని క్రీస్తురాజు కోడూరులోని గంగాధరం బంగళాకు చేరాడు. వరండాలో నల్ల కళ్లద్దాలు, జార్జెట్ చీరతో పుష్పకుమారి నిలబడి ఉంది. "మొగలిపువ్వు" అని కోడ్ వర్డ్ పలికింది. "వాసన లేదు" అని అతడు జవాబిచ్చాడు.

గంగాధరం భార్య చెంచులక్ష్మి కాఫీ ఇస్తూ జ్యోతిష్కుణ్ణి తలచుకుని కళ్లు తుడుచుకుంది. "ఇంటికి తూర్పున సముద్రం ఉంటే మాకు క్షేమమంట. ఆ ఊళ్లో కటాంగ్ అట్టాంటిదేనని చెప్పినాడు అబ్బయ్యా. గూడూరు దాటని మనిషికి అదెట్ట తెలిసిందో!"

పుష్పకుమారి ఆ మాటను బలపరిచింది. తాను రెండేళ్లు కాపురమున్నది అక్కడేననీ, దొంగల భయం లేదనీ, ఉదయం కిటికీ తెరిస్తే సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడనీ వర్ణించింది.

క్రీస్తురాజు కప్పు కింద పెట్టాడు. మద్రాసులో అతడు సింగపూర్ మ్యాపును శ్రద్ధగా చూసి వచ్చాడు. ఈ తీరంలో పుట్టినవారికి సముద్రమంటే తూర్పే. ఇల్లు కదలని పద్మనాభయ్య పొరపడడం సహజం. కానీ అక్కడ రెండేళ్లు కాపురమున్న మనిషి అదే పొరపాటు చేయదు. అంటే ఈమె సింగపూర్‌లో అడుగే పెట్టలేదు. రిపోర్టులు రాసింది శత్రువులు. గంగాధరాన్ని కటాంగ్‌లో వాళ్ల చేతికి చిక్కించాలని జ్యోతిష్కుడికి పాఠం చెప్పింది ఈమె.

"కటాంగ్‌లో సముద్రం దక్షిణాన ఉంటుంది, పుష్పకుమారీ."

ఆమె నవ్వుతూనే పర్సులోంచి పిస్టల్ తీసింది. "ఆ ముసలాయన ఇంక అబద్ధం చెప్పలేనన్నాడన్నా. జాతకాలు చెప్పేవాడికి అంత నిజం దేనికి?"

మొదటి తూటా క్రీస్తురాజు చెవి అంచును ఎగరగొట్టింది. అతడు బల్లను ఆమె మోకాళ్ల మీదికి తన్ని, పిస్టల్ పట్టిన మణికట్టును విరిచాడు. ఎముక చిట్లిన చప్పుడు వినిపించింది. అదే క్షణంలో పెరట్లో కేక. తూటా చప్పుడు కోసం పొంచి ఉన్న ఆమె ముఠా విదేశీయుడు గంగాధరం గొంతుకు కత్తి ఆనించి, ఇసుక మీదుగా మోటార్ బోటు వైపు ఈడ్చుకుపోతున్నాడు.

క్రీస్తురాజు అలల్లోకి ఉరికాడు. వాచీలోంచి సన్నటి ఉక్కు తీగను లాగి, వెనుక నుంచి విదేశీయుడి మెడకు బిగించాడు. కత్తి గంగాధరం చర్మాన్ని కోసింది. తీగ అంతకంటే లోతుగా దిగింది. నురుగు ఎర్రబడింది. విదేశీయుడి చేతులు వాలిపోయాయి.

వరండా మెట్ల మీద పుష్పకుమారి ఎడమచేత్తో పిస్టల్ అందుకుని, గంగాధరం వీపుకు గురిపెట్టింది. చచ్చినవాడి నడుమునున్న రివాల్వర్‌ను లాగి క్రీస్తురాజు పేల్చాడు. నల్ల కళ్లద్దాల మధ్య రంధ్రం పడింది. ఆమె పిస్టల్ ఆ తర్వాత పేలి, ఇసుకను మాత్రమే చిమ్మింది.

చెంచులక్ష్మి పైటచెంగు చించి భర్త మెడకు కట్టింది. ముడి బిగించి, అడగవలసింది అడిగింది. "అయితే ఏ పేటలో దిగాల, అబ్బయ్యా?"

దగ్గరలో ఆసుపత్రి ఉందా, దీపాలు పెట్టాక ఆడవాళ్లు పిల్లలతో వీధిలో నడుస్తున్నారా, పిలిస్తే పోలీసు వస్తాడా అని అక్కడివారిని విచారించాలనీ, మన జనం ఎక్కువగా ఉండే సెరంగూన్ రోడ్డు మేలనీ, దిక్కులతో పనిలేదనీ అతడు చెవి నెత్తురు తుడుచుకుంటూ వివరించాడు. ఆమె ప్రతి మాటకూ తలూపింది.

"అట్లనే. ఓడ మాత్రం మంగళవారం కాకుండా చూడు."

ఒక విదేశీ ముఠాను ఒంటరిగా ఎదిరించిన క్రీస్తురాజు ఈసారి వాదనకు దిగలేదు. బుధవారానికి టిక్కెట్లు రాయించాడు.