మాలకొండమ్మ గొంతు

తెప్పలు ఒడ్డెక్కే వేళకి ఉప్పుదిబ్బపాళెంలో ఉండే సందడి ఇంతా అంతా కాదు. వలలు దులిపే మగవాళ్లు, గంపలతో ఎగబడే ఆడవాళ్లు, కాకులు, కుక్కలు, పిల్లల కేకలు. యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో మాత్రం ఆ సందడి లేదు. మద్రాసు రేవులో ఓడ దిగిందని చెప్పుకున్న జ్వరం తడ దాటి, వాకాడు దాటి పాళెం దాకా వచ్చేసింది. ఫ్లూ అంటారని వాకాడులో కాంపౌండరు చెప్పాడట. పాళెంవాళ్లు ఆ పేరు పలికేవాళ్లు కాదు. పేరు పెట్టి పిలిస్తే అది పలుకుతుందని వాళ్ల భయం.

జ్వరం మొదట తగిలింది మాలకొండమ్మకి. అరవై దాటిన మనిషి. మొగుడు సముద్రంలో పోయిన నాటినుంచీ చేపల గంప నెత్తిన పెట్టుకుని వాకాడు దాకా నడిచి, అమ్మి, ఒక్కగానొక్క కొడుకు చిన్నపోలయ్యని పెంచుకుంది. నోరు మాత్రం పెద్దది. కోడలు పరంజ్యోతి పెట్టే పులుసు దగ్గర్నుంచి పెద్దకాపు ఆదెయ్య చెప్పే తీర్పు దాకా ఆమె నోట పడని సంగతి లేదు. ఏడేళ్ల మనవరాలు కామాక్షి ఒక్కతే ఆ నోటి నుంచి తప్పించుకుంది.

ఆదెయ్య దురాయి వేశాడు, ఊరంతటికీ కట్టుబాటు. జ్వరం తగిలినవాళ్లు ఎవరైనా సరే, ఊళ్లో ఉండకూడదు. సరుగుడు తోట అవతల పాడుబడిన వలల పాకలోకి పోవాలి. దురాయి మీరితే ఆ ఇంటి తెప్ప నీళ్లలో దిగదు. ఆ మాట అన్న మర్నాడే ఆదెయ్య కొడుక్కీ ఒళ్లు కాలింది. వాడు మాత్రం గడప దాటలేదు. ఇంట్లోనే పడుకుని మిరియాల కషాయం తాగాడు.

"దురాయి ముసిలోళ్లకేనా అయ్యా?" అని మాలకొండమ్మ నడివీధిలో నిలబడి అడిగింది. అందరూ ఇసక వైపు చూశారు.

చిన్నపోలయ్య తల్లిని చేతుల మీద ఎత్తుకుపోయి పాకలో దించాడు.

"నాలుగు దినాలేమ్మా. గంజి నేనే తెస్తా," అన్నాడు. మొహం మాత్రం చూడలేదు.

"పోరా. పెళ్లాం ఎదురుచూస్తా ఉంటాది," అంది తల్లి.

వాడు పోయాడు. కొన్నాళ్లు గంజి ముంత తెచ్చి పాకకి దూరంగా పెట్టి, ఒక కేక వేసి పోయేవాడు. తర్వాత కేక వినపడలేదు. ముంత రాలేదు.

పాకలో పగలు కూడా చీకటే. కుళ్లిన వలల కంపు, పాత తారు వాసన. బయట సరుగుడు చెట్లు ఆగకుండా హోరుమనేవి. మాలకొండమ్మ కళ్లు మూసినా తెరిచినా ఒకటే ఎరుపు. ఒంటరితనం పట్టలేక పైకే మాట్లాడుకునేది. కొడుకుని తిట్టేది. కోడల్ని తిట్టేది. మధ్యలో కామాక్షిని పిలిచి జోల పాడేది.

జ్వరం బాగా మండిపోయిన పూట ఆమెకొక సంగతి తెలిసింది. వలల గుట్ట వెనక ఎవరో ఉన్నారు.

"నీళ్లు..." అంది మాలకొండమ్మ.

"నీళ్లు..." అంది మూల నుంచి ఓ గొంతు. తడిగా, గరగరగా.

"ఎవురది?"

"ఎవురది?"

ప్రతిధ్వని అనుకుందామంటే తాటాకుల పాకలో ప్రతిధ్వని ఎక్కడిది? ఆమె తిట్టింది. అదీ తిట్టింది. ఆమె భయంతో జోల ఎత్తుకుంది. అదీ ఎత్తుకుంది. మొదట్లో మాట తప్పేది, రాగం తప్పేది. పోను పోను తప్పులు తగ్గాయి. పలకా బలపం పట్టిన పిల్ల అక్షరాలు దిద్దుకున్నట్టు, ఒక్కో మాటా దిద్దుకుంది. ఆఖరికి ఏది తన గొంతో ఏది దానిదో మాలకొండమ్మకే తెలియలేదు. అప్పుడు తడిచెయ్యి ఒకటి ఆమె నుదుటి మీద ఆనింది. చల్లగా...

ఎన్ని దినాలకో ఆమె లేచేసరికి జ్వరం లేదు. మూలలో వలలు తప్ప ఏమీ లేవు. ఆమె కప్పుకున్న పాత చీర మాత్రం కనపడలేదు.

పొద్దు వాలుతుండగా ఊతకర్ర పట్టుకుని ఇంటిదారి పట్టింది. వీధిలో మనిషన్నవాడు లేడు. ప్రతి గుమ్మానికీ వేపమండలు ఎండి వేలాడుతున్నాయి. ఎక్కడో ఎవరో దగ్గుతున్నారు. ఒక కుక్క ఎదురొచ్చి, ఆమె కాళ్లు వాసన చూసి, తోక ఊపుతూ వెంట వచ్చింది. ఆ మాత్రం పలకరింపుకే ముసలిదానికి కళ్లు తడిశాయి.

తన ఇంటి తలుపు మూసి ఉంది. లోపల బుడ్డి వెలుగు.

"పోలయ్యా! తలుపు తియ్యరా. తగ్గిపొయ్యినాదిరా నాకు."

లోపలి నుంచి కొడుకు గొంతు నీరసంగా వినపడింది.

"ఎవురు?"

"నీయమ్మనురా!"

తర్వాత కోడలు తలుపు దగ్గరికి పాకి వచ్చినట్టుంది. సందులోంచి గుసగుసగా అంది.

"అత్త ఇంట్లోనే ఉండాది. నువ్వెవురు?"

లోపల నుంచి జోల వినపడింది. తన జోలే. తను ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకుంటోంది. వెంట వచ్చిన కుక్క చెవులు వెనక్కి వాల్చి, కుయ్యిమని కూడా అనకుండా పారిపోయింది.

ముసలిది తడిక సందుకి కన్ను ఆనించింది. కొడుకూ కోడలూ నేల మీద పడి ఉన్నారు, ఇద్దరూ జ్వరంతో వణుకుతూ. గోడవార తన చీర కట్టుకుని ఒకామె, వీపు ఇటు పెట్టి కూర్చుంది. ఒళ్లో కామాక్షి. పిల్ల నోట్లో చెంచాతో నీళ్లు పోస్తోంది. ఎంతో నిదానంగా, ఎంతో ప్రేమగా. ఆ చీర అంచునుంచి నీళ్లు కారుతున్నాయి. కూర్చున్న మేరా నేల తడిసి నల్లబడింది...

"పోలయ్యా! అది నేను కాదురా! పిల్లను తీసుకో దాని దగ్గిర్నించి!"

ఒళ్లో పిల్లని ఊపుతూనే, ఆమె తల తిప్పకుండా అంది.

"తీయబాక నాయనా. జ్వరం నా గొంతుతో పిలస్తా ఉండాది."

"ఒరే దొంగ సచ్చినోడా! నా పాలు తాగిన నోటితో ఎవురని అడగతావా? నీ పెళ్లాం మాట యిని నన్ను పాకలో పారేసినావు. ఇప్పుడు దయ్యాన్ని ఇంట్లో పెట్టుకుని నన్ను గడప కాడ నిలబెడతావా?" అంటూ మాలకొండమ్మ తలుపు బాదింది.

లోపల చిన్నపోలయ్య ఏడుస్తున్నట్టు వినపడింది. తర్వాత పెళ్లాంతో మెల్లగా అన్నాడు. తడిక పల్చనిది. ప్రతి మాటా బయటికి వచ్చింది.

"జ్యోతీ... బయటుండేదే మా అమ్మ."

"తెలుసు."

"తెలుసా?"

"ఇది వొచ్చిన పొద్దే తెలిసింది. ఒక్క మాటన్నా తిట్టలేదు నన్ను." పరంజ్యోతి దగ్గు ఆపుకుంటూ అంది. "మనకి లేసే ఓపిక ఉందా? ఇరుగూ పొరుగూ గుమ్మం తొక్కినారా? బిడ్డకి నీళ్లు పోసింది ఇది. ఇది పోతే బిడ్డ పోతాది. తీయబాక."

మాలకొండమ్మ వింది. కొడుకు ఏమంటాడో అని ఇంకా వింది.

గడియ కదల్లేదు.

ముసలిది ఇక పిలవలేదు. తాటాకు తడిక తలుపుకి వీపు ఆనించి ఇసకలో కూర్చుంది. తడిక అవతల, సరిగ్గా ఆమె వీపుకి ఎదురుగా, ఎవరో వచ్చి కూర్చున్నారు. ఆకుల్లోంచి చెమ్మ ఆమె రవికెకి అంటింది. ఆమె ఊపిరి తీసినప్పుడు అదీ తీసింది. ఆమె బిగబట్టింది...

అదీ బిగబట్టింది.

తెల్లవారాక చిన్నపోలయ్య పాక్కుంటూ వచ్చి గడియ తీశాడు. లోపల ఇంకెవరూ లేరు. గడియ రాత్రంతా లోపల వేసే ఉందని మొగుడూ పెళ్లాలిద్దరూ చెప్పారు. నేల మాత్రం ఇంకా ఆరలేదు. కామాక్షికి జ్వరం జారి చెమట పట్టింది.

పరంజ్యోతి అత్త కాళ్లు పట్టుకుంది. "నువ్వే ఆ బిడ్డ తల్లివైతే ఏం చేసుందువో చెప్పు అత్తా," అంది. మాలకొండమ్మ కాళ్లు వెనక్కి లాక్కోలేదు, కోడల్ని లేపనూ లేదు. పొయ్యి ముట్టించి గంజి కాచింది. ముగ్గురికీ పోసింది.

ఆ తర్వాత ఆ నోరు పడిపోయింది. వీధిలో జగడమైతే తలొంచుకుని పోయేది. పొద్దు గూకితే ఇంట్లోవాళ్లతోనూ సైగలే. జ్వరం ముసలిదాన్ని మంచి చేసిందని పాళెంలో నవ్వుకున్నారు. ఎక్కడ ఎవరు వింటున్నారో, ఏ మాట నేర్చుకుంటున్నారో అని ఆమె భయం. ఆ భయాన్ని చెప్పుకోవాలన్నా నోరు తెరవాలి కదా.

కామాక్షి కోలుకున్నాక ఒక సాయంత్రం పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, చిక్కులు తీసి జడ వేసింది. పిల్ల తల విదిలించుకుంది.

"నువ్వేసే జడ నొప్పి. ఆ అవ్వ ఏస్తే నొప్పే తెలీదు."

మాలకొండమ్మ చేతులు ఆగిపోయాయి.

"నువ్వుండావని ఆమె రావడంలా," అంది కామాక్షి, తిరిగి చూడకుండా. "నువ్వెప్పుడు పోతావు?"

ముసలిది జడ కొసన ఎర్ర గుడ్డపేలిక ముడి వేసి, పిల్లని పక్కలో వేసుకుని, చెయ్యి మీద వేసి పడుకుంది. తలుపుకి గడియ వేసింది, గడియకి తాడు కట్టింది.

పొద్దున లేచి చూస్తే తాడు కట్టినట్టే ఉంది. కామాక్షి ఆమె చెయ్యి కిందే నిద్రపోతోంది. జడ మాత్రం విప్పి, మళ్లీ అల్లి ఉంది. ఎర్రపేలిక బదులు కొసన సన్నని వలదారం... ముట్టుకుంటే ఇంకా తడిగా.