ఎల్ బోర్డు తగిలించిన కత్తెర

"ఏమండీ, మీ విగ్గు వెనకా ముందూ అయింది."

మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ ఈ లోకంలో చీవాట్లన్నీ మంచి ఉద్దేశంతో అన్న మాటలకే పడతాయి.

ఆ అమ్మాయి చేతికర్ర మీద ఆనుకుని మెల్లగా ఇటు తిరిగింది. హాల్లో సైకిళ్ళు తొక్కుతున్నవాళ్ళు, రబ్బరు బెల్టులు లాగుతున్నవాళ్ళు, గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నవాళ్ళు అందరూ ఆగిపోయారు.

"ఇది విగ్గని మీకెవరు చెప్పారు?"

"మీ పాపిడే చెప్పిందండీ. నేను సెలూన్లో పనిచేస్తాను."

"మీ సెలూన్లో జుట్టే కత్తిరిస్తారా, పరువు కూడానా?"

"జుట్టుకే డబ్బులు తీసుకుంటాం. పరువు ఫ్రీ."

హాలంతా గొల్లుమంది. ఫిజియోథెరపిస్టు అక్క అందరికంటే గట్టిగా నవ్వింది. "నాకు జంట దొరికింది! వీడికి చేతులు సరిగ్గా లేవు, నీకు కాలు సరిగ్గా లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి లెక్క. ఇవాళ్టినుంచి ఒకరి ఎక్సర్‌సైజులు ఒకరు చూడండి."

అది క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయిన కుర్రకారు వచ్చే హాలు. జబ్బు పోయిందని డాక్టర్లు చెప్పాక, పోతూ పోతూ అది ఏమేం పట్టుకుపోయిందో చూసుకునే చోటు. ఆస్పత్రిలో పేరూ ఫైలు నంబరూ కలిపి పిలిపించుకుని అందరికీ విసుగెత్తిపోయింది కాబట్టి అక్కడ పేర్లు నిషేధం. ఎవరు ఏ పనికి తిరిగి వెళ్ళాలనుకుంటే అదే పేరు. అతను కత్తెర. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మేడం. ఎడమ మోకాలి ఎముకలో గడ్డ తీసేసి లోహపు కీలు పెట్టారు. ఆ కాలు క్లచ్ మీద ఆనేదాకా ఉద్యోగం లేదు. అందుకని ఆమె పేరు క్లచ్.

అతనికి మందుల వల్ల వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. ఇసుక డబ్బాలో చెయ్యిపెట్టి, చూడకుండా గోళీలు ఏరాలి. ఏది గోళీయో ఏది గులకరాయో వేళ్ళకి తెలిసేది కాదు.

"మళ్ళీ గులకరాయే," అనేది క్లచ్ పక్కన కూర్చుని. "ఇల్లు కట్టుకుంటున్నారా?"

"మీరు ఆ కాలు ఎత్తండి ముందు. పనసపండు ఒలిచినంత సేపు పడుతోంది."

"నా కాలు, నా ఇష్టం!"

"నా గోళీలు, నా ఇష్టం!"

ఇలా 'మీరు' అనుకుంటూనే తిట్టుకున్నారు. 'నువ్వు'లోకి ఎప్పుడు దిగారో అక్కకే తెలియాలి. ఆమె కాస్త ఆలస్యంగా వస్తే అతని కళ్ళు తలుపు దగ్గరే కాపలా కాసేవి.

ఒకరోజు వాన వాళ్ళిద్దరినీ హాలు బయట పోర్టికోలో నిలబెట్టేసింది. జల్లు పడి ఆమె విగ్గు చెంపలకి అతుక్కుపోయింది.

"తీసెయ్యొచ్చుగా. కింద జుట్టు వస్తోంది. చెవి పక్కన కనబడుతోంది," అన్నాడు.

"అమ్మక్కూడా చూపించలేదు. నీకెందుకు చూపిస్తాను?" అంది. తరవాత మాట మార్చింది. "ముందు నీ సంగతి చెప్పు. సెలూన్లో ఎప్పుడు దిగుతావు?"

అతను వానకేసి చూశాడు. "దిగాను. మా బావని కూర్చోబెట్టి మొదలుపెట్టాను. చెవి తెగింది. చిన్న గాటే. కానీ మా బావ ఊరంతా టముకు వేశాడు. ఇక నా కుర్చీలో ఎవడూ కూర్చోడం లేదు. సెలూన్ మా మావయ్యది. 'చెవులకి ఇన్సూరెన్స్ లేదురా, కౌంటర్లో కూర్చో' అంటున్నాడు. సోమవారం నుంచి నా కుర్చీ వేరే స్టైలిస్టుకి ఇచ్చేస్తాడు."

"కత్తిరించేటప్పుడు ఎటు చూస్తావు?"

"అద్దంలో కస్టమర్ మొహంలోకి. కబుర్లు చెప్పాలిగా. మిగతాది వేళ్ళకి తెలుస్తుంది."

"తెలిసేది! ఇప్పుడు తెలీదు. మరి అవే వేషాలెందుకు? పాత డ్రైవరు చూడకుండా గేరు వేస్తాడు. నేర్చుకునేవాడు అలా వేస్తే గోడకి గుద్దుతాడు. నువ్వు మళ్ళీ మొదటికొచ్చావు. ఎల్ బోర్డు తగిలించుకుని, నోరు మూసుకుని, చూసి కత్తిరించు."

అతనికి చురుక్కుమంది. మీసం రాకముందునుంచీ పట్టిన కత్తెర! దానికి ఎల్ బోర్డా?

"నాకు పని నేర్పక్కర్లేదు," అని వానలోనే దిగి వెళ్ళిపోయాడు. ఆ తరవాత హాలుకి రాలేదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తకుండా ఆ ఫోన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం సెలూన్ కిటకిటలాడుతోంది. అతని కుర్చీ ఒక్కటే ఖాళీ. బయట కారు ఆగి, తలుపు తోసుకుని క్లచ్ వచ్చింది.

"అక్కని అడిగి అడ్రసు పట్టాను. నేనే నడుపుకొచ్చాను. రెండుసార్లు ఆగిపోయింది. వెనకవాళ్ళు హారన్లు కొడితే నేనూ కొట్టాను," అంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గుప్పెడు జుట్టు. ఒకపక్క ఉంగరాలు, ఒకపక్క ముళ్ళు. పక్క కుర్చీల్లోవాళ్ళు మెడలు తిప్పి చూశారు.

"కత్తిరించు," అంది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "పిచ్చా? ఇది నీకు ఎన్నాళ్ళకి వచ్చిన జుట్టు! గాటు పడితే?"

"నన్ను కోయడానికి డాక్టర్లే వరసలో నిలబడ్డారు. నీ గాటు నాకో లెక్కా?"

"నా మీద నాకే నమ్మకం లేదు. నీకెందుకింత ధైర్యం?"

"నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చోవడమే నా ఉద్యోగం."

అతను ఆమె భుజాల చుట్టూ గుడ్డ కప్పాడు. కత్తెర తీశాడు. అద్దంలోకి చూడలేదు, కబుర్లు చెప్పలేదు. తల వంచి, దువ్వెన అంచునే చూస్తూ కొంచెం కొంచెంగా కత్తిరించాడు. వేళ్ళు ఏమీ చెప్పలేదు, కళ్ళే చెప్పాయి. చెవి దగ్గరికి వచ్చేసరికి చెమట పట్టి ఆగాడు.

"బ్రేకు వెయ్యి. ఊపిరి పీల్చు. ఇప్పుడు వెళ్ళు," అందామె కళ్ళు మూసుకునే.

వెళ్ళాడు. చెవి చెక్కుచెదరలేదు.

మావయ్య కౌంటర్లోంచి లేచొచ్చి ఆమె తల చుట్టూ తిరిగి చూశాడు. "చాలాసేపు పట్టిందిరా," అని గొంతు సవరించుకున్నాడు. "సోమవారం పొద్దున్నే రా. కుర్చీ నీదే."

అతనికి ఏడుపొచ్చింది. దాచుకోవడానికి ఆమె మెడ మీద వెంట్రుకలు బ్రష్‌తో దులపసాగాడు. అక్కడ వెంట్రుకలెప్పుడో అయిపోయాయి.

"నెలకోసారి ట్రిమ్మింగ్‌కి రావాలి," అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"జుట్టు పెరిగినన్నాళ్ళూ."

ఆమె అద్దంలో తనని తాను చూసుకుంది. ఇంతసేపూ దబాయించిన గొంతు తగ్గించి అడిగింది. "మళ్ళీ ఊడిపోతే?"

ఎవరికీ ఆ తల ఎందుకు చూపించలేదో అతనికి అప్పుడు అర్థమైంది. ఊడదులే అని చెప్పొచ్చు. కానీ ఆ హాల్లో నడిచినవాళ్ళు ఒకరికొకరు ఆ అబద్ధం చెప్పుకోరు.

"ఊడిపోతే కూడా రా," అన్నాడు. "కత్తిరించడానికి ఏం ఉండదు. కుర్చీ తిప్పుకుని ఎదురుగా కూర్చుంటాను. నాకు నువ్వంటే ఇష్టం, నీ జుట్టంటే కాదు."

వెయిటింగ్ బెంచీ మీద కూర్చున్న పెద్దాయన పేపరు దించి, "చెప్పమ్మా, మేమూ వింటున్నాం," అన్నాడు.

"వస్తాను," అంది క్లచ్. "కానీ కారు నేనే నడుపుతాను."