ముప్పై ఒకటి తర్వాత

“ముప్పై ఒకటి!” అని మామయ్య కేక వేయడం సింధూజకు వినిపించింది. అవతలి గోడను తాకి, మెట్ల దగ్గరికి తిరిగి వచ్చింది. ముప్పై రెండు వినిపించలేదు.

ఆ ఆగస్టు ఉదయం అంతకు ముందు ఉదయాల్లాంటిదే. ఐదున్నరకు కిషన్ సేటు స్కూటర్ మీద ముందు, కోడలు సింధూజ సైకిల్ మీద వెనక, తొర్రూరు దాటి లక్ష్మణ్ పొలంలోని బావికి వచ్చారు. మెట్ల నుంచి ఎదురుగోడకు పదిహేను మీటర్లు. పోయి వస్తే ముప్పై. అలా యాభై సార్లయితే కిలోమీటరున్నర. సింధూజ వెళ్లబోయే పోటీలో ఈదాల్సింది అంతే. తర్వాత నలభై కిలోమీటర్లు సైకిల్, పది కిలోమీటర్లు పరుగు. ఆయన లాల్చీ ఎడమ జేబులో యాభై చింతగింజలు పోసుకొచ్చేవాడు. ఆమె వచ్చి మెట్టును తాకగానే ఒక గింజను కుడి జేబులోకి మార్చి, అంకె గట్టిగా అరిచేవాడు.

సింధూజ తల పైకెత్తింది. ఆయన మోటరు గదికి ఆనుకొని కూర్చున్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. తెరిచిన అరచేతిలో ఒక చింతగింజ ఉంది.

దవాఖానలో డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. గుండె ఆగిందన్నాడు.

పదకొండు రోజులు గడిచాయి. ఏడాది దాకా ఆయన భార్య అనసూయమ్మ గడప దాటకూడదని చుట్టాలు చెప్పి వెళ్లారు. సింధూజ భర్త కుమార్ తండ్రి స్థానంలో ఆరింటికే గింజల దుకాణం తెరవడం మొదలుపెట్టాడు. పొద్దున ఇంట్లో అత్త, కోడలు మిగిలారు. అత్త కోడలితో అవసరానికి మించి మాట్లాడేది కాదు. ఎందుకో సింధూజ అడగలేదు. తెలుసు కనుక.

ఈత, పరుగు, సైకిల్ అన్నీ వదిలేయాలనుకుంది. రెండు వారాలు వదిలేసింది కూడా. మూడో వారం నుంచి తాను లెక్కలు చెప్పే కొడకండ్ల బడికి బస్సు మానేసి సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టింది. సాయంత్రం చివరి గంట కొట్టాక పిల్లలు “టీచర్, ఇంకెన్ని చుట్లు?” అని అరుస్తుంటే బడి మైదానం చుట్టూ పరుగెత్తేది. చేతుల బలం తగ్గకుండా పాత సైకిల్ ట్యూబును మేడ మీది నీళ్ల ట్యాంకు పైపుకు కట్టి, ఈదుతున్నట్టే వంగి రెండు చేతులా గుంజేది.

“పొద్దుపొద్దున ఆ రబ్బరు గుంజుడేంది?” అని కింద నుంచి అనసూయమ్మ అన్నది. “ట్యాంకు ఊడి నా నెత్తిన పడ్తది.”

అన్నిటికీ ఏదో ఒక దారి దొరికింది. నీటికి మాత్రం దొరకలేదు. కిందటేడు భూపాలపల్లి అవతలి పెద్ద చెరువులో ఇదే పోటీకి వెళ్తే, నలభై ఐదు నిమిషాల గడువు దాటిందని ఆమెను నీళ్లలోంచి పడవలోకి ఎక్కించారు. ఒడ్డున తువ్వాలు పట్టుకొని నిలబడిన కిషన్ సేటు ఆ రోజే, అక్కడే, మరుసటి ఏడాదికి కోడలి పేరు రాయించాడు. పోటీ డిసెంబరు ఆఖరి ఆదివారం.

అక్టోబరులో ఒక ఆదివారం, బడిలో పని ఉందని చెప్పి సింధూజ ఒంటరిగా బావికి వెళ్లింది. మధ్యాహ్నం లక్ష్మణ్ ఇంటికొచ్చాడు. అప్పుడే కుమార్ అన్నానికి కూర్చున్నాడు.

“అమ్మా, టీచరమ్మ ఒక్కతే బాయిల దిగింది,” అన్నాడు లక్ష్మణ్ గడప బయట నిలబడే. “మోటరు పెట్టనీకి పోయి చూసిన. సేటు యాదికొచ్చిండు. మీకు చెప్దామని వచ్చిన.”

అనసూయమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“గా బాయి మొఖం ఎట్ల చూడబుద్ధయిందే నీకు?”

“అమ్మా, జర నెమ్మదిగ,” అన్నాడు కుమార్. “నేను చెప్త తీయ్.”

“నువ్వేం చెప్తవ్‌రా? నీ పెండ్లాం బాయిల దుంకుతుంటె నువ్వు దుకాన్ల తరాజు ముంగట కూసున్నవ్. సేట్ల ఇంటి కోడలు సైకిల్ తొక్కుతదంటె బజారంత నవ్వింది. మీ నాయిన నవ్వనియ్యన్నడు. నేను ఊకున్న. ఇగ ఎన్నిటికని ఊకోవాలె?”

“తప్పయింది అత్తమ్మా,” అన్నది సింధూజ. “మామయ్య పేరు రాయించిండు. పోకపోతే ఆయన మాట పడేసినట్టయితది. అందుకే పోయిన.”

“ఆయన పోయిందే గా పోటీ కోసం...” అనబోయి అనసూయమ్మ ఆగిపోయింది.

కుమార్ చేతిలోని ముద్ద కంచంలోకి జారింది.

“అనండి అత్తమ్మా,” అన్నది సింధూజ. “రెండు నెలల సంది మీరు అనలే. నేను రోజూ అనుకుంటున్న. జర ముందుగాల తలెత్తి చూస్తే ఆయన బతికెటోడేమో. నాకు తెల్వదు.”

అనసూయమ్మ కోడలి దగ్గరికి వచ్చింది.

“ఆఖరికి ఏమన్నడే?”

“ముప్పై ఒకటి అన్నడు.”

“గంతేనా?”

“గంతే అత్తమ్మా.”

“ఇంట్ల పది సార్లు పిలిస్తె ఒక్కసారి పలికెటోడు.”

“ఆడ మాత్రం మా తండా దాక ఇనపడేది అమ్మా,” అన్నాడు లక్ష్మణ్. “సేటు లెక్క ఇనుకుంటనే మా ఇంట్ల చాయ్ పెట్టెటోళ్లు.”

అనసూయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో వాళ్లకు తెలియలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకొని, “ఒక్కదానివి దిగుడేంది?” అన్నది. “ఒక్క పాణం పోయింది సాలదా ఈ ఇంటికి?”

మరుసటి ఆదివారం తెల్లవారుజామున సింధూజ లేచేసరికి అనసూయమ్మ స్నానం చేసి, ముందుగదిలో చెప్పులు వేసుకొని కూర్చుంది. ఒళ్లో దుకాణంలోని పాత ఇత్తడి మానిక, ఒక గరిటె ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఆ మానికతోనే ఆమె గింజలు కొలిచింది. కుమార్ కొలుస్తానంటే ఒప్పుకోక, ఆమె చేయి ఖాళీ అయ్యేదాకా ఆగి కొలిపించుకున్నవాళ్లు ఉన్నారు.

“అమ్మా, ఏడాది కాలె గద,” అన్నాడు కుమార్. “సుట్టాలు ఏమంటరు?”

“సుట్టాలను బాయి కాడికి పంపు. నేను ఇంట్ల కూసుంట.”

కుమార్ తండ్రి స్కూటర్ బయటికి తీశాడు.

బావి దగ్గర ఆమె మోటరు గది వైపు చూడలేదు. మెట్ల మీద పీట వేయించుకొని కూర్చుంది. “ఆయన తీరు అరిచే గొంతు నాకు లేదు. పదైనప్పుడల్ల మానిక కొడ్త. ఐదు సార్లు కొడితె పైకి రా,” అన్నది. సింధూజ నీళ్లలో దిగింది. లెక్క మీద మనసు పెడితే ఊపిరి తప్పుతుందని మొదటి నుంచీ దాన్ని ఒడ్డున ఉన్నవాళ్లకే వదిలేసే అలవాటు ఆమెది. పైన అనసూయమ్మ, గింజలు కొలిచేటప్పటిలాగే మొదటిదాన్ని ఒకటి అనకుండా “లాభం, రెండు, మూడు” అని నోట్లోనే అనుకుంటూ వేళ్లు మడిచింది. కొంతసేపటికి ఇత్తడి మోగింది.

మొదటి రోజు యాభై నిమిషాలు పట్టింది. తర్వాత వారానికి మూడు పొద్దులు వెళ్లారు. నవంబరు చివరికి నలభై ఏడు. పోటీకి వారం ముందు నలభై ఐదు నిమిషాల నలభై సెకన్లు. అంతకన్నా తగ్గలేదు.

“ఈసారి కూడా నాకు పడవే రాసిపెట్టి ఉన్నట్టుంది అత్తమ్మా.”

“మంచిగనే ఈదుతున్నవ్ గదనే,” అన్నది అనసూయమ్మ. “పడవెందుకు?”

పోటీ రోజు చెరువు మీద మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. కుమార్ దుకాణం మూసి వచ్చాడు. అనసూయమ్మ ఒడ్డున శాలువా కప్పుకొని, ఒళ్లో మానికతో కూర్చుంది. నీళ్లలో దారి గుర్తుకు వదిలిన నారింజరంగు గాలి బుడగల చుట్టూ రెండు చుట్లు ఈదాలి. సింధూజ నీళ్లలోకి వెళ్లింది. మొదటి చుట్టు అయింది. రెండోది మొదలైంది. మూపుల్లో నొప్పి మొదలవ్వాల్సిన చోట మొదలవలేదు. ఇంకా ఈదగలననుకుంటుండగానే చేతికి ఒడ్డు బురద తగిలింది.

లేచి గడియారం చూసింది. నలభై ఒక్క నిమిషాలు దాటి కొన్ని సెకన్లు.

ఆమెకు భయం వేసింది. ఎక్కడో ఒక బుడగ తప్పించి వచ్చి ఉంటుంది. ఒడ్డున పేర్లు చూస్తున్న అమ్మాయి దగ్గర ఆగిపోయింది.

“చెల్లె, జర చూడు. నావి రెండు చుట్లు కాలేదేమో.”

“అయినయి అక్కా.”

“ఒక బుడగ తప్పిందేమో చూడమ్మా.”

“ఏం తప్పలే. పడవలున్నోళ్లు చూసిండ్రు. నువ్వు నిలబడి నాతోని ముచ్చట పెట్టుడే తప్పు. ఉరుకు అక్కా!”

సింధూజ పరుగెత్తింది. సైకిల్ మీద కూర్చున్నాక గాని నవ్వు రాలేదు. రోజూ బడికి తొక్కిన కాళ్లకు నలభై కిలోమీటర్లు కొత్త కాదు. పరుగులో ఏడో కిలోమీటరు దగ్గర కడుపులో పట్టేసింది. నడిచింది. “టీచర్, ఇంకెన్ని?” అని పిల్లలు అడిగినట్టే అనిపించింది. మూడు అని చెప్పుకొని మళ్లీ పరుగెత్తింది. గీత దాటేసరికి మొత్తం పోటీ గడువుకు ఇంకా పదకొండు నిమిషాలుంది. కుమార్ ఆమె పేరు పెట్టి అరుస్తున్నాడు. అతని గొంతు అచ్చం తండ్రి గొంతులా వినిపించింది.

అనసూయమ్మ ఇత్తడి మానికను గరిటెతో ఆగకుండా వాయిస్తోంది.

“అత్తమ్మా,” అన్నది సింధూజ ఊపిరి అందాక, నేల మీదే కూర్చొని. “బాయిలో నలభై ఐదు దాటింది. ఇక్కడ నలభై ఒకటి. పదికి మీరు ఎన్ని లెక్కపెట్టిండ్రు?”

“పదికి పదే.”

“పదేనా?”

“పదికొకటి కొసరు. ఎవరికైనా కొసరు పెట్టకుంట పంపిననా నేను? నీకు మాత్రం ఎట్ల పెట్టకుంట ఉంట?”

యాభైకి యాభై ఐదు. లెక్కల టీచరు మూడు నెలలు పసిగట్టలేకపోయింది. కుమార్ పొట్ట పట్టుకొని నవ్వాడు. సింధూజ కూడా నవ్వుతూ అత్త మోకాళ్ల మీద తల పెట్టింది. తర్వాత ఆ తల చాలాసేపు లేవలేదు. అనసూయమ్మ శాలువా తీసి చెమటకు తడిసిన ఆమె జుట్టు మీద కప్పింది.

“ఆయనుంటె నన్ను తిట్టెటోడు,” అన్నది. “లెక్క తప్పినవే అని.”

“మెచ్చుకునెటోడు అత్తమ్మా.”

“ముందుగాల తిట్టి.”

మర్నాడు ఇద్దరూ బావికి వెళ్లారు. అనసూయమ్మ ఆ రోజే మొదటిసారి మోటరు గది దగ్గరికి నడిచి, ఆయన కూర్చున్న చోట కూర్చుంది. వెంట తెచ్చిన సంచిలోంచి ఆయన ఆఖరిసారి వేసుకున్న లాల్చీ తీసింది. దాన్ని ఉతకలేదు. కుడి జేబులో ముప్పై ఒక్క గింజలు. ఎడమ జేబులో పద్దెనిమిది. ఆయన అరచేతిలో దొరికినదాన్ని సింధూజ ఇన్నాళ్లూ తన దగ్గరే దాచుకుంది. తీసి ఎడమ జేబులో వేసింది.

“ఈ మిగిలినయి కూడ ఈదుతవానే?”

“మీరు ఈదమంటే ఈదుత.”

అనసూయమ్మ కొంచెం ఆలోచించింది. “వద్దు. మనం కొత్తగ లాభం కాడికెల్లి మొదలువెడ్దాం. అవి ఆయనయి.”

సింధూజ నీళ్లలో దిగింది. పైన ఇత్తడి మోగింది. కిషన్ సేటు లెక్క ముప్పై ఒకటి దగ్గరే ఉంది. పంతొమ్మిది ఇంకా మిగిలే ఉన్నాయి.