మొగిలయ్య గోడ అడిగిన రాత్రి

అవు చంద్రికా, అదే బిల్డింగు. అశోక్ నగర్ల రూము చూసొచ్చిన అన్నవే... కింద బందువడ్డ జిరాక్సు దుకాణం, పక్కపొంటి సందు... అదే. మెట్లు ఇరుకుంటయి, పట్టపగలు గూడ లైటు ఏస్కోవాలె. ఆ మెట్లకు చెడ్డపేరున్నది బిడ్డా. కిరాయికిచ్చేటోడు చెప్పడు. నేను చెప్త, ఇను.

మా తమ్ముడు మొగిలయ్య ఆ బిల్డింగుకే వాచ్‌మన్ ఉండె. డాబా మీద రేకుల రూముల వాడు, వాని పెండ్లాం కమల ఉంటుండిరి. నువ్వు చిన్నగున్నప్పుడు చూసినవ్, యాది లేదేమో. వాన్ని సంకల ఎత్తుకొని తిరిగినదాన్ని నేను. గని ఈ ముచ్చట నేను కండ్లార చూసింది గాదు. వాడు కమలకు చెప్పిండు, కమల నాకు చెప్పింది.

మొదలు వాని నడక చెప్పాలె. పాలమూరు నుంచి వచ్చిన కొత్తల వాడు బిల్డింగుల కాడ ఇసుక తట్టలు మోసిండు. మోసీ మోసీ మెట్లెక్కుడంటె వానికి ఊపిరి తీసుకున్నట్లయింది. పాదం నిండ మోపేటోడు గాదు — మునివేళ్లే. నడుము ముంగటికి ఒంగేది. చూపు కాళ్ల దిక్కు గాదు, వచ్చే మలుపు దిక్కు. నోట్లకెల్లి మాట రాకపోయేది, ఊపిరి దండుగైతదని. దిగేటప్పుడు పాదం అడ్డంగ, మోకాళ్లు వదులుగ, అరచెయ్యి గోడను రాసుకుంట... నీళ్లు జారినట్లు జారుతుండె. ఆఖరి మెట్టు కాడ మాత్రం జర ఆగేటోడు. అన్ని మెట్లు మంచియే, ఆఖరిదే దొంగది అంటుండె.

కింది అంతస్తులల్ల హాస్టలుండె, ఆ పిలగాండ్లు నవ్వేటోళ్లు. మా బిల్డింగుకు లిఫ్టు లేదన్నదెవరు, మొగిలన్న ఉన్నడు గద అని. కమల ఊకుంటదా? మెట్ల మీద గుర్రమే, పని చెప్తే మాత్రం దున్నపోతే అనేది.

ఇంకోటి. మోసేటోళ్లకు ఒక రివాజున్నది. గోడ అడుగుడంటరు. కట్టే బిల్డింగుల మెట్లకు ఒక దిక్కు గోడ, ఇంకో దిక్కు ఏముండదు... గాలే. ఎన్క వచ్చేటోడు నీకంటె జోరుగ వస్తుంటె, గోడ మీద అరచేత్తోని రెండు దెబ్బలు ఏస్తడు. ముంగట ఉన్నోడు గోడ ఇడిచి, అంచుకు జరిగి, నిలబడాలె. ఎందుకు, ఏంది అని అడిగేది లేదు. నెత్తి మీద బరువున్నోనికి నోరెట్ల లేస్తది? చేతి సప్పుడే మాట. సప్పుడు ఇనంగనే కాలు దానంతట అదే జరుగుతది. ఎన్ని ఏండ్లైనా ఆ అలవాటు పోదు.

ఆ బిల్డింగు కడ్తున్నప్పుడు కనకయ్య అనేటోడు వడ్డడు. మన దిక్కోడే. మూడో అంతస్తు మలుపు కాడ, తట్టతోని సహా. పానం ఆడనే పోయింది. రెయిలింగు అటెన్క పెట్టిన్రు.

అప్పటి సంది చీకటివడ్డంక ఆ మెట్ల మీద ఎవలో ఎక్కుతున్నట్లు సప్పుడైతదని పేరు. ఎవల తలుపు దాంక ఎక్కితే, ఆ ఇంట్ల ఒకలు ఉండరని.

మొగిలయ్య నమ్మలే. రోజూ ఎక్కి దిగేటోన్ని నేను, నాకు కనవడని దయ్యం మీకెట్ల కనవడ్డది అనేటోడు.

మూడో అంతస్తుల శ్రీరామమూర్తి సారని ఉండె, కోస్తా దిక్కు నుంచి ఎన్నడో వచ్చినోళ్లు. భార్య హైమవతమ్మ. నిమ్మళమైన మనుషులు. ఆమె పోయినంక సారు ఇల్లు ఖాళీ చేసి గాంధీనగర్ల బిడ్డ ఇంటికి పోయిండు. తాళాలిచ్చేనాడు మొగిలయ్య చెయ్యి పట్టుకొని మెల్లగ అన్నడట —

"మొగిలయ్యా, రాత్రిపూట నీ వెనకాల ఎవరైనా మెట్లెక్కుతుంటే ముందుకి పోనివ్వకు. నేను పాలు తెస్తూ, మర్యాదకి పక్కకి జరిగాను. అది తిన్నగా మా గుమ్మంలోకి వెళ్ళింది."

పాపం, పెండ్లాం పోయిన దుఃఖంల పెద్దాయన మతి తప్పింది అనుకున్నడు వీడు. ఆటో దాంక సామాను మోసి పంపిచ్చిండు.

అటెన్క వానలు వడ్డయి. కమలకు జరం పట్టింది. మామూలు జరం గాదు, మనిషి మనిషి లెక్క లేదు. నీళ్లు తాగితే కక్కుడే. డాక్టరు సూసి, ఈ రాత్రి గట్టెక్కితే భయం లేదన్నడు. ఇంకో మాట అనలే. ఆ అననిదే మొగిలయ్యకు ఇనవడ్డది.

చీకటివడ్డంక గోలీలు ఒడిసినయ్. కరెంటు గూడ పోయింది. కమల మీద దుప్పటి కప్పి, ఇప్పుడే వస్త అని నారాయణగూడ చౌరస్త దాంక ఉరికిండు. గోలీలు అంగి జేబుల ఏస్కొని, తడుసుకుంట మల్ల సందుల వడ్డడు.

బిల్డింగంత చీకటి. పరీక్షలైపోయి హాస్టలు పిలగాండ్లు ఊళ్లకు పోయిన్రు. సారు ఇంటికి ఇంకా ఎవలు రాలే. పైన ఉన్నది ఒక్కటే మనిషి... కమల.

ఎక్కుతున్నడు. మొదటి మలుపు తిరిగిండు.

ఎన్కకెల్లి అడుగుల సప్పుడు.

చెప్పుల సప్పుడు గాదు. ఉత్త కాళ్లు... మునివేళ్లు మాత్రం ఆనుతున్నయ్. ఒక్క తీరుగ, ఆయాసం లేకుంట. ఎవడో మోసుడు నేర్చినోడే అనుకున్నడు మొగిలయ్య. అంతే అనుకున్నడు.

టప్... టప్...

గోడ మీద అరచెయ్యి.

ఆలోచన వచ్చేలోపే కాలు అంచుకు జరిగింది. రెయిలింగుకు ఆనుకొని నిలబడ్డడు. పక్కకెల్లి ఏదో పోయింది... సల్లగ. తడి సిమెంటు వాసన.

ఇగ అడుగులు వాని మీదికెల్లి ఇనవడుతున్నయ్. పైకి పోతున్నయ్.

అప్పుడు యాదికొచ్చింది సారు మాట.

పైన మనిషున్న తలుపు ఇంకోటి లేదు బిడ్డా. దానికి వానిదొక్కటే తలుపు.

ఉరికిండు. ఎన్నడు రెండు మెట్లు ఒక్కసారి ఎయ్యొద్దు, తొందరల మోకాళ్లు మోసం చేస్తయని పిలగాండ్లకు చెప్పేటోడు — ఆ రాత్రి రెండు, మూడు మెట్లు ఒక్కటే అడుగు చేసిండు. రెయిలింగు పట్టి గుంజుకున్నడు. ముంగటి అడుగులు మాత్రం గట్లనే... ఆగవు, పెరగవు. అలుపన్నది బతికున్నోనికేనాయె.

మూడో అంతస్తు వచ్చింది. సారు తలుపు దాటిన్రు ఇద్దరు. ఇంక డాబా మెట్లే ఉన్నయ్. వీనికి కండ్లు తిరుగుతున్నయ్, రొమ్ముల ఎవలో గుద్దుతున్నట్లున్నది. అందదు. ఎట్ల చేసినా అందదు...

చెయ్యి లేపి గోడ మీద కొట్టిండు.

టప్... టప్...

ముంగటి అడుగులు ఆగినయ్.

మెట్ల మీద సప్పుడే లేదు. వాన సప్పుడు తప్ప. ఎంతసేపు ఆగిందో... మెల్లగ, గోడకెల్లి అంచుకు ఒక్క అడుగు జరిగింది. జరిగి, నిలబడ్డది.

ఎంతైనా కనకయ్య గూడ మోసినోడే గద.

మొగిలయ్య కండ్లు మూసుకొని గోడను రాసుకుంట పోయిండు. పక్కన సల్లటి ఊపిరి తాకింది. చెవు కాడ, గుసగుసగ —

"పో తమ్మీ..."

ఎన్కకు చూడలే. డాబా మీదికొచ్చి, రూముల వడి, గొళ్లెం పెట్టి, తలుపుకు ఈపు ఆనిచ్చి కూలవడ్డడు.

కమల కండ్లు తెరిచింది.

"డాక్టరును తోలుకొచ్చినవా? ఇద్దరు ఎక్కొచ్చిన సప్పుడైంది..."

లేదన్నడు. పాకుకుంట పోయి గోలీ ఏసిండు, నీళ్లు తాగిపిచ్చిండు. మల్ల పోయి తలుపుకే ఆనుకున్నడు. ఎందుకట్ల ఆయాసవడుతున్నవని ఆమె అడిగితే అన్ని చెప్పిండు, ఆగుకుంట ఆగుకుంట... కనకయ్య, గోడ, అన్ని. ఆమె జరంల ఉన్నది, సగం ఇన్నది, సగం ఇనలే. ఇటు వచ్చి పండరాదు అన్నదట. నువ్వు పండు, నేనీడ ఉంటె తలుపు తెరుచుకోదు అన్నడట.

ఆఖరికి ఒకటే మాట అడిగిండట. నేను ముందుగల వచ్చిన గద కమలా, అని.

ముందుగలనే వచ్చినవ్ తీ, అన్నదట ఆమె. అని, నిద్రల వడ్డది.

పొద్దుగాల కమలకు చెమటలు వట్టి జరం దిగింది. ఎన్ని దినాలకో ఆకలైంది. చాయ పెట్టుమని పిలిచింది.

తలుపు కాడ కూసున్నోడు కూసున్నట్లే ఉండె. తెల్లారేసరికి మొగిలయ్య పోయిండు.