ఎర్ర పెన్నుతో గీసిన వంపు

ఆరు నెలల క్రితం మ్యూజియం రికార్డు గదిలో, గుహ బొమ్మల నకలు మీద కాఫీ కప్పు పెట్టబోయిన పెయింటర్‌ని ఆమె చెడామడా తిట్టింది. రాతి మీది బొమ్మలకు నకళ్ళు తీయడమే ఆమె ఉద్యోగం. మర్నాటి నుంచి అతను కప్పు బయటే వదిలేసి రోజూ రావడం మొదలుపెట్టాడు. వేల ఏళ్ళ నాటి ఆ గీతల్లోంచే అతని మోడర్న్ ఆర్ట్ పుట్టింది. ఆమె మనసులో ఇంకేదో పుట్టింది గానీ, పైకి అనలేదు.

ఇవాళ అతని మొదటి ఎగ్జిబిషన్. గంటలో తలుపులు తెరుస్తారు. ఆమె వానలో తడుస్తూ హాలుకి పరిగెత్తుకొచ్చింది.

నకలు తీయాలంటే రాతి మీద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి, మనిషి వేసిన గీతల్ని ఎర్ర పెన్నుతో, రాతి పగుళ్ళనీ మరకల్నీ నీలం పెన్నుతో దించాలి. పొద్దున ఫోటోలతో సరిచూస్తుంటే తప్పు బయటపడింది. ఆమె ఎర్రగా దించిన ఒక పెద్ద వంపు వట్టి నీటి చార. అతని పదకొండు పెయింటింగుల్లోనూ ఆ వంపే ఉంది. పక్కన బోర్డు కూడా పెట్టాడు, ఆదిమానవుడు గీసిన వంపు అని. గుహలన్నీ కాచి వడబోసిన ఆమె పై అధికారి ఇంకాసేపట్లో వస్తారు. చూడగానే పట్టేస్తారు, ఇతను నవ్వులపాలవుతాడు. ముందే చెబితే ఇక తన మొహం చూడడు.

అయినా చెప్పేసింది. అతను బొమ్మలు తగిలించే నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు.

"అయితే అది మనిషి గీసింది కాదా?" అన్నాడు.

"కాదు."

"మరి మొదట గీసిన మనిషి మీరేగా."

షీటులో వందల గీతలున్నా, బొమ్మ వేసేటప్పుడు అతని చెయ్యి ఆ ఒక్కదాని దగ్గరికే పోయేదట. బోర్డు తీసేస్తానని, ఆమె ఉద్యోగానికి ముప్పు రానివ్వనని అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అతని జేబులోంచి పెన్ను లాక్కుని, బోర్డు కింద రాసింది: ఇది నీటి చార, పొరపాటు నాది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆమె తలుపు వైపు తిరిగింది. వెనకాల అతనూ ఏదో గబగబా రాశాడు.

లోపలికొచ్చిన ఆమె పై అధికారి, ఆ పెద్దాయన, కళ్ళజోడు సర్దుకుని బోర్డు కింద పెన్నుతో రాసిన రెండు మాటలూ పైకే చదివారు. "ఇది నీటి చార, పొరపాటు నాది. ఆ పొరపాటుని ప్రేమించింది నేను."

ఆమె గిరుక్కున బోర్డు వైపు తిరిగింది.

"మొదటి మాట ప్రకారం సోమవారం రికార్డు దిద్దమ్మా," అన్నారాయన. తర్వాత పెయింటర్ వైపు తిరిగారు. "రెండో మాట ఊరందరికీ రాశావు బాగానే ఉంది. ఆ అమ్మాయికి చెప్పావా?"

"లేదండీ," అన్నాడు అతను. "భయమేసింది."