ఐదో భాషలో విషం

అనువాదకుడు ఆరో అంతస్తులో లిఫ్టు ఎక్కాడు. కింద తలుపు తెరుచుకునేసరికి ఒంట్లో ప్రాణం లేదు. గుండెపోటని డాక్టరు రాసిచ్చాడు. మెడ వెనక చీమ కుట్టినంత సూది మచ్చ గురించి ఎవరూ రాయలేదు.

మూడో రోజు ఉదయం ఏడింటికి చీఫ్ ఆ శవం ఫోటోను బల్ల మీదకు తోశాడు. ఎదురుగా ఉన్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో 'కామా' అంటారు. ట్రిగ్గర్ నొక్కే ముందు కూడా ఒక్క క్షణం ఆగుతాడని ఆ పేరు. ఇప్పుడూ ఆగాడు. ఫోటోలో ఉన్నది అతని అక్క భర్త.

"మీ బావ కేసు నీకివ్వకూడదు. కానీ ప్రూఫులు దిద్దడం వచ్చిన ఏజెంట్ నువ్వొక్కడివే," అన్నాడు చీఫ్.

"విషయం చెప్పండి సార్."

"మీ బావ పనిచేసిన రాడార్ కంపెనీ ఇవాళ పదింటికి కొత్త రాడార్ పరీక్ష ఫలితం గురించి సోషల్ మీడియాలో ఐదు భాషల్లో పోస్ట్ పెడుతోంది. వాటాల్లో సగానికి పైగా టీచర్లు, నర్సులు, రిటైరైనవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. వాళ్ళు ఇంగ్లీషు రిపోర్టుల జోలికి పోరు. సొంత భాషలో వచ్చిన పోస్టే వాళ్ళకు వేదం."

"అందులో విషం కలుపుతున్నారా?"

"ఒక భాషలో. ఏదో తెలీదు. జనం బెదిరి వాటాలు తెగనమ్మితే కొనెయ్యడానికి పరాయి ముఠా గోతికాడ నక్కలా కాచుకుంది. కంపెనీ చేజిక్కితే మన రాడార్ డిజైన్లన్నీ వాళ్ళవే."

"లోపల మనవాళ్ళు?"

"కమ్యూనికేషన్స్ డైరెక్టర్. మేడమ్ అంటారు. మూడేళ్ళుగా మన మనిషే. 'చుక్కలు లెక్కపెడతారా?' అంటుంది. 'పట్టపగలైతేనే' అను."

తొమ్మిదింటికి కామా కొత్త అనువాదకుడి వేషంలో ఆరో అంతస్తు చేరాడు. సోడాబుడ్డి కళ్ళద్దాల ఫ్రేములో కెమెరా, చెవిలో గింజంత ఇయర్‌ఫోన్. ఐదు కంప్యూటర్ల గదిలో నలుగురు తలెత్తి చూసి మళ్ళీ దించేశారు.

"పోయినాయన కుర్చీ ఖాళీయే, కూర్చోండి," అన్నాడొకడు విసుగ్గా.

అప్పుడొచ్చింది మేడమ్. నల్లచీర, ఎర్రరాయి ఉంగరం, గదంతా కమ్మేసే సెంటు.

"చుక్కలు లెక్కపెడతారా?"

"పట్టపగలైతేనే."

ఆమె నవ్వింది. పెదాలు మాత్రమే నవ్వాయి.

కళ్ళద్దాలు పంపిన నాలుగు భాషల పోస్టులూ హెడ్‌క్వార్టర్స్ చదివింది. "నాలుగూ శుభ్రం," అంది చెవిలో గొంతు. ఐదోది తెలుగు. అది కామాయే దిద్దాడు: 'మా రాడార్ తుది పరీక్షకు నిలిచింది.' తొమ్మిది నలభైకి పోస్ట్ లాక్ అయింది. ఇక దాన్ని తెరవాలంటే మేడమ్ బొటనవేలు పడాల్సిందే.

తొమ్మిది యాభై ఏడుకి ఎందుకో మళ్ళీ చూశాడు.

'మా రాడార్ తుది పరీక్ష నిలిచింది.'

ఒక్క 'కు' మాయం. గెలిచిన పరీక్ష కాస్తా ఆగిపోయిన పరీక్షయింది!

కామా ఒక్క ఉదుటున మేడమ్ గదిలోకి దూరాడు. "తెలుగు పోస్టు తెరవండి. అక్షరం పోయింది."

"నాలుగు భాషల్లో నిజం, ఒకదాంట్లో పొరపాటు," అంది ఆమె తాపీగా. "ఒక్క అక్షరం పోతే కుట్ర అనరు, అచ్చుతప్పంటారు. మధ్యాహ్నం క్షమాపణ చెప్తాం. ఈలోపు మావాళ్ళు కొనేస్తారు."

"మీవాళ్ళా?"

"నీకంటే ముందున్నాయన కూడా ఇలాగే కళ్ళు పెద్దవి చేశాడు. చిత్తుప్రతిలోనే కనిపెట్టాడు పాపం."

"ఆయన మా అక్క మొగుడు."

మేడమ్ చెయ్యి మెరుపులా లేచింది. ఉంగరపు రాయి పక్కకు జరిగి సూది బయటికొచ్చింది. ఈసారి కామా ఆగలేదు. మణికట్టు ఒడిసిపట్టి మెలితిప్పాడు. సూది అతని చొక్కా కాలర్ చీల్చుకుంటూ పోయింది. ఆమె చేతిని బల్లకేసి అదిమి, బొటనవేలిని ఆమె కంప్యూటర్ లాక్ మీద నొక్కాడు. ఆమె అతని భుజం కొరికింది. అతను వదల్లేదు. లాక్ తెరుచుకుంది.

పదికి ఇంకా ఎనిమిది సెకన్లు. ఎడమచేత్తో 'క' కొట్టాడు. ఐదు. కొమ్ము పెట్టాడు. మూడు. సేవ్ నొక్కాడు.

పది గంటలు. ఐదు భాషల్లోనూ రాడార్ పరీక్షకు నిలిచింది.

కళ్ళద్దాలు మేడమ్ మాటలన్నీ చేరవేశాయి. గది బయటే బేడీలు పడ్డాయి. మధ్యాహ్నానికి వాటా ధర పెరిగింది. కొనడానికి హోటల్లో దిగిన ముఠా మనుషులు పెట్టెలు సర్దుకుంటూ దొరికారు.

సాయంత్రం కామా అక్క ఇంటికెళ్ళాడు.

"మీ బావది గుండెపోటు కాదు, కదరా?"

"కాదక్కా. ఒక్క అక్షరం తప్పు పోనివ్వనన్నాడు. అందుకు చంపారు."

అక్క కళ్ళు తుడుచుకుని, "పెళ్ళిచూపులయ్యాక నేను రాసిన మొదటి ఉత్తరంలోనే తప్పులు దిద్దిన మనిషి," అంది.

మర్నాడు చైర్మన్ నుంచి కృతజ్ఞతల లేఖ వచ్చింది, ఐదు భాషల్లో. తెలుగులో పదకొండు తప్పులున్నాయి. కామా ఎర్రపెన్ను తీసి అన్నీ దిద్ది, తిరుగు టపాలో పంపించాడు.